మ్యూయాన్ జీ-2 లెక్కలో హాడ్రాన్‌ల వాటా: ప్రయోగం కదలకుండానే తేడా ఎలా పోయింది?

అర్ధస్పిన్ అడిగిన ప్రశ్న:

నమస్కారం. క్వాంటం క్షేత్ర సిద్ధాంతాన్ని పీజీ స్థాయి వరకు చదివి, ఆ తరువాత వేరే వృత్తిలో పడినవాణ్ణి. ఈ రంగంలో జరుగుతున్నది చాలాకాలంగా బయటినుంచి చూస్తున్నాను. మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, కాకపోతే బరువైన కణం) అసాధారణ అయస్కాంత భ్రామకం విషయంలో నాకు తెగని సందేహం ఒకటి ఉంది. కణం తన స్పిన్‌తో పోలిస్తే ఎంత బలమైన అయస్కాంతమో చెప్పే సంఖ్య జీ; డిరాక్ సమీకరణం ఇచ్చే 2 అనే విలువను దాని నుంచి తీసివేసి, మిగిలినదాన్ని సగం చేస్తే వచ్చే చిన్న సంఖ్య గురించే నా మాటలన్నీ. దశాంశ బిందువు తరువాతి సున్నాలతో చదివేవారిని విసిగించకుండా, పదివేల కోట్లలో ఒక వంతును ఒక ప్రమాణంగా తీసుకుని అంకెలు రాస్తున్నాను. జవాబిచ్చేవారు కూడా ఇదే పద్ధతి పాటిస్తే పోల్చుకోవడం సులువవుతుంది.

2021 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్ తొలి ఫలితాన్ని అక్కడిదే మరో ప్రయోగశాల బ్రూక్‌హేవెన్ పాత కొలతతో కలిపితే వచ్చిన సగటు 11,65,92,061. దాని అనిశ్చితి 41. అంతకు ముందు సంవత్సరం సిద్ధాంతకారుల ఉమ్మడి బృందం ఇచ్చిన అంచనా 11,65,91,810. దాని అనిశ్చితి 43. తేడా 251, అంటే 4.2 సిగ్మా (ఉమ్మడి అనిశ్చితికి 4.2 రెట్లు). కొత్త కణం తలుపు తడుతోందని అప్పట్లో అందరూ రాశారు. 2025 జూన్‌లో ఫెర్మీల్యాబ్ చివరి ఫలితం వచ్చేసరికి ప్రపంచ సగటు 11,65,92,071.5, అనిశ్చితి 14.5 అయింది. అంటే కొలత దాదాపుగా ఉన్నచోటే ఉండి, మరింత పదునెక్కింది. కానీ ఆ ఫలితానికి కొద్ది రోజుల ముందే అదే సిద్ధాంత బృందం తన అంచనాను 11,65,92,033కి మార్చింది, అనిశ్చితి 62. ఇప్పుడు తేడా 38 మాత్రమే, అంటే చెప్పుకోవలసినంత తేడా లేనట్టే.

కొలిచినవారి అంకె పది కదిలితే, లెక్కకట్టినవారి అంకె 223 కదిలింది. పైగా సిద్ధాంతం అనిశ్చితి తగ్గకపోగా 43 నుంచి 62కి పెరిగింది. ఇదంతా ప్రబల బలం (క్వార్క్‌లను కట్టి ఉంచే బలం) వాటా వల్లనే అని చదివాను. విద్యుదయస్కాంత భాగాన్ని పన్నెండు వేలకు పైగా ఫైన్‌మన్ చిత్రాలతో (కణాల చర్యలోని ఒక్కో పదానికి గీసే బొమ్మలు) లెక్కకట్టగలిగినవారు, క్వార్క్‌ల భాగం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఇంత తడబడుతున్నారు? ఈ భాగాన్ని వేరే ప్రయోగాల కొలతల నుంచి తెచ్చుకుంటారని కూడా విన్నాను. కొలతను కొలతతోనే పోల్చి, దానికి సిద్ధాంతమని పేరు పెట్టడం ఎంతవరకు సబబు?


రో_శిఖరం ఇచ్చిన జవాబు:

ముందు ఆ 11.66 కోట్లలో ఎవరి వాటా ఎంతో చూస్తే సగం సందేహం తీరుతుంది. 2020 నాటి అంచనానే తీసుకుందాం. కేవలం ఫోటాన్‌లు, ఎలక్ట్రాన్‌లు, మ్యూయాన్‌లు, టావ్‌లు పాల్గొనే భాగం 11,65,84,718.9; దాని అనిశ్చితి 0.1. డబ్ల్యూ, జెడ్, హిగ్స్ కణాల వాటా 153.6, అనిశ్చితి 1. క్వార్క్‌లు, అంటే వాటితో కట్టిన హాడ్రాన్‌లనే కణాలు, తొంగిచూసే భాగంలో ప్రధానమైనది 6931, దాని అనిశ్చితి 40. దాని మీది చిన్న సవరణలు మైనస్ 98.3, ప్లస్ 12.4. చివరిగా కాంతి-కాంతి పరిక్షేపణం (ఫోటాన్‌లు ఒకదాన్నొకటి తాకి చెదరడం) అనే మరో హాడ్రాన్ భాగం 92, అనిశ్చితి 18. మొత్తం విలువలో హాడ్రాన్‌ల వాటా లక్షలో ఆరు వంతులే అయినా, మొత్తం అనిశ్చితిలో దాదాపు అంతా వాటిదే. ఇప్పటి కొలత అనిశ్చితి 14.5తో దీటుగా నిలవాలంటే ఆ ఏడు వేలను 0.2 శాతం కచ్చితత్వంతో తెలుసుకోవాలి. ప్రబల బలం విషయంలో 0.2 శాతం అనేది మాటల్లో తేలిపోయే సంగతి కాదు.

విద్యుదయస్కాంత భాగంలో ఆ పన్నెండు వేల చిత్రాలు (ఐదో మెట్టులో కచ్చితంగా చెప్పాలంటే 12,672) కినోషిటా, ఆయన సహచరులు దశాబ్దాలపాటు చేసిన శ్రమ. అయితే ఆ శ్రమ ఫలించడానికి మూలం విద్యుదయస్కాంత బలాన్ని చెప్పే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం (ఆల్ఫా) 137లో ఒక వంతు కావడమే. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే తరువాతి పదం అంతకంతకు చిన్నదవుతుంది. ష్వింగర్ 1948లో ఇచ్చిన మొదటి పదం, అంటే ఆల్ఫాను రెండు పైలతో భాగిస్తే వచ్చేది, ఒక్కటే మొత్తం విలువలో 99 శాతానికి పైగా ఇచ్చేస్తుంది.

ప్రబల బలానికి ఆ సదుపాయం పై శక్తుల దగ్గర మాత్రమే ఉంది. దాని బలాన్ని చెప్పే స్థిరాంకం జెడ్ కణం ద్రవ్యరాశి దగ్గర 0.118, టావ్ ద్రవ్యరాశి దగ్గరికి దిగేసరికి 0.31 ప్రాంతానికి పెరుగుతుంది. ఇంకా దిగితే శ్రేణి అన్న మాటకే అర్థం ఉండదు. పై శక్తుల దగ్గర కూడా శ్రేణి ఎంత మందకొడిగా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఎల్‌హెచ్‌సీలో 13 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ప్రబల బలాన్ని మోసే గ్లువాన్‌లు రెండు కలిసి హిగ్స్‌ను పుట్టించే క్రాస్ సెక్షన్‌కు (సంఘటన జరిగే సంభావ్యతను చెప్పే కొలతకు) మొదటి మెట్టు 16 పికోబార్న్‌లు ఇస్తే, రెండో మెట్టు దానికి మరో 20.8 కలుపుతుంది, మూడోది 9.6, నాలుగోది 1.5. మొదటి పదం కన్నా సవరణే పెద్దదైన శ్రేణి ఇది. నాలుగో మెట్టు దాకా వెళ్తే గాని నమ్మకం కుదరలేదు. మ్యూయాన్‌కు కావలసింది ఇంతకన్నా చాలా కింది శక్తులు, అంటే ఒక గిగా ఎలక్ట్రాన్ వోల్టుకు లోపలివి. అక్కడ ఫోటాన్ క్షణకాలం క్వార్క్, ప్రతిక్వార్క్ జంటగా మారుతుందని పాఠ్యపుస్తకం చెప్పినా, నిజానికి మనకు కనిపించేవి రెండు పయాన్‌లు (అన్నిటికన్నా తేలికైన హాడ్రాన్‌లు), వాటి మధ్య క్షణకాలం తలెత్తే రో మేసాన్ అనే మరో హాడ్రాన్. దీనికి ఫైన్‌మన్ చిత్రాలు గీసుకుంటూ పోయే దారి లేదు.

అందుకే వేరే దారి పట్టారు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొని హాడ్రాన్‌లను పుట్టించే సంభావ్యతకూ, శూన్యంలో ఫోటాన్ క్షణకాలం హాడ్రాన్‌లుగా మారే పరిమాణానికీ మధ్య ఒక కచ్చితమైన సంబంధం ఉంది. కారణం కన్నా ముందు కార్యం జరగదు అన్న నియమమూ, సంభావ్యతలన్నీ కలిపితే ఒకటి కావాలన్న నియమమూ ఈ సంబంధానికి పునాది. ఇందులో ఎవరి నమూనా మీదా ఆధారపడవలసిన పని లేదు. ఆ క్రాస్ సెక్షన్‌ను మ్యూయాన్ జంట పుట్టే క్రాస్ సెక్షన్‌తో భాగించి, శక్తి వర్గం వెంట ఒక భారంతో గుణించి సమాకలనం చేస్తే ఆ 6931 వస్తుంది. ఆ భారం శక్తి నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. రో మేసాన్ ఉండే 0.77 గిగా ఎలక్ట్రాన్ వోల్టులతో పోలిస్తే, నాలుగు రెట్లు ఎక్కువ శక్తి దగ్గర ఉన్న కొలతకు భారం 256 రెట్లు తక్కువ. అందువల్లనే మొత్తం వాటాలో దాదాపు 73 శాతం రెండు పయాన్‌ల మార్గం ఒక్కదాని నుంచే వస్తుంది. జీ-2 తగాదా అంతా చివరికి రో శిఖరం (రో దగ్గర క్రాస్ సెక్షన్ ఎగసే చోటు) ఎత్తు ఎంత అన్న తగాదాగా మారడానికి కారణం ఇదే. నా పేరు కూడా అక్కడి నుంచి తెచ్చుకున్నదే.

ఎలక్ట్రాన్ జీ-2లో ఈ బెడద లేదా అని అడుగుతారేమో. ఉంది గాని, ఇలాంటి బరువైన కణాల ప్రభావం లెప్టాన్ (ఎలక్ట్రాన్, మ్యూయాన్, టావ్‌ల కుటుంబం) ద్రవ్యరాశి వర్గాన్ని అనుసరించి ఉంటుంది కనుక, ఎలక్ట్రాన్‌లో అది మ్యూయాన్ కన్నా సుమారు 42,750 రెట్లు చిన్నది. కొత్త కణాలకూ అదే సూత్రం వర్తిస్తుంది. మ్యూయాన్ ఎందుకు ఆకర్షణీయమో, ఎందుకు తలనొప్పో, రెండింటికీ కారణం ఒక్కటే.


జాలకంలో_చీమ ఇచ్చిన జవాబు:

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూనే, రెండో దారి గురించి రాస్తాను. అంచనాను 223 కదిలించింది అదే కాబట్టి.

విల్సన్ 1974లో ప్రతిపాదించిన పద్ధతిలో స్థలకాలాన్ని ఒక నాలుగు మితుల జాలకంగా మార్చి, క్వార్క్‌లను బిందువుల మీద, గ్లువాన్ క్షేత్రాన్ని బిందువులను కలిపే గీతల మీద ఉంచి, సమాకలనాన్ని కంప్యూటర్ చేత సంభావ్యతా పద్ధతిలో చేయిస్తారు. ఇందులో శ్రేణి ప్రసక్తి లేదు. క్వార్క్ ద్రవ్యరాశులు, ఒక పొడవు ప్రమాణం ఇస్తే చాలు. మనకు కావలసింది ఒకే ఒక్క ఫలం: ఒక క్షణంలో విద్యుత్ ప్రవాహాన్ని తాకి, కొంత కాలం తరువాత మళ్ళీ తాకితే ఆ రెండింటి మధ్య మిగిలే సంబంధం. దాన్ని కాలం పెరిగేకొద్దీ పెరిగే ఒక భారంతో గుణించి కూడితే హాడ్రాన్‌ల వాటా చేతికి వస్తుంది.

వినడానికి సులువుగానే ఉంది. చిక్కు ఎక్కడుందో ఒక లెక్కతో చూపిస్తాను. ఆ సంబంధం కాలంతోపాటు స్థూలంగా రో ద్రవ్యరాశి వేగంతో సన్నగిల్లుతుంది. దానిలోని సంఖ్యాత్మక గోల మాత్రం పయాన్ ద్రవ్యరాశి వేగంతో, అంటే చాలా నెమ్మదిగా, తగ్గుతుంది. 770 నుంచి 135 తీసివేస్తే 635 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్ని 197తో (శక్తిని పొడవుకు మార్చే సంఖ్య) భాగిస్తే ఒక ఫెర్మీకి (సుమారు ప్రోటాన్ పరిమాణమంత పొడవు; ఇక్కడ కాలాన్నీ దానితోనే కొలుస్తాం) 3.2. అంటే కాలం ఒక ఫెర్మీ పెరిగిన ప్రతిసారీ, గోలతో పోలిస్తే సంకేతం సుమారు 25 రెట్లు బలహీనపడుతుంది. పోయిన కచ్చితత్వాన్ని మళ్ళీ రాబట్టాలంటే నమూనాల సంఖ్యను 25 వర్గం, అంటే ఆరు వందల రెట్లకు పైగా పెంచాలి. మనకు కావలసిన సమాకలనం మూడు ఫెర్మీలు దాటి కూడా పోతుంది. నిజానికి తోక భాగంలో, అంటే ఎక్కువ కాలాల దగ్గర, రెండు పయాన్‌ల స్థితి నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి పరిస్థితి కొంచెం మెరుగే, గోలను తగ్గించే ఉపాయాలూ కొన్ని ఉన్నాయి. అయినా తోకను పట్టుకోవడమే ఈ పనిలో కష్టమైన భాగం అన్న మాట మారదు.

మిగిలిన చిక్కులు చిన్నవేమీ కావు. ఆరు ఫెర్మీల పెట్టెలో లెక్క చేస్తే, పయాన్‌లు గోడ అవతలికి తొంగిచూసి తిరిగి వచ్చే ప్రభావం మొత్తం విలువలో సుమారు రెండున్నర శాతం ఉంటుంది. మనకు కావలసిన కచ్చితత్వం 0.2 శాతం. అప్ (పై), డౌన్ (కింది) అనే రెండు రకాల క్వార్క్‌ల ద్రవ్యరాశులు సమానమని, విద్యుత్తు లేదని మొదట అనుకుని చేసిన లెక్కకు ఆ రెండు సవరణలూ తరువాత చేర్చాలి. జాలకం మీద పొడవు ప్రమాణాన్ని ఒమెగా బేరియాన్ ద్రవ్యరాశి వంటి తెలిసిన కొలతతో నిర్ణయించేటప్పుడు జరిగే పొరపాటు, చివరి జవాబులో దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే మ్యూయాన్ ద్రవ్యరాశి ఆ ప్రమాణం ద్వారానే లెక్కలోకి వస్తుంది. కొలబద్ద 0.1 శాతం తప్పితే జవాబు 0.2 శాతం తప్పుతుందన్నమాట.

ఇన్ని అడ్డంకులు దాటి, ఒక శాతం లోపు అనిశ్చితితో మొదట అంకె ఇచ్చినవారు బీఎండబ్ల్యూ అనే జాలకం లెక్కల బృందం. వారి విలువ 7075, అనిశ్చితి 55. ఫెర్మీల్యాబ్ తొలి ఫలితం వెలువడిన 2021 ఏప్రిల్ 7నాడే అది నేచర్ పత్రికలో అచ్చయింది. కొత్త కణం వచ్చిందన్న హడావిడిలో ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 6931 ఉండవలసిన చోట 7075 ఉంటే కొలతతో తేడా చాలావరకు తగ్గిపోతుందని అదే రోజు తెలుసు. ఒక్క బృందం మాట మీద అంచనా మార్చడం సరికాదని మిగిలినవారు ఆగారు. ఆ ఆగడం న్యాయమే అని నా అభిప్రాయం.

తరువాత జరిగింది క్రమంగా జరిగింది. ఆర్‌బీసీ, యూకేక్యూసీడీ బృందాలు 2018లోనే ఒక ఉపాయం చూపించాయి. సమాకలనం మొత్తాన్ని కాకుండా, కాలం 0.4 నుంచి 1.0 ఫెర్మీ మధ్య ఉన్న కిటికీని మాత్రమే లెక్కకట్టి పోల్చుకుంటే, జాలకం అంచుల బాధా ఉండదు, తోకలోని గోలా ఉండదు. మొత్తం విలువలో మూడో వంతు ఈ కిటికీలోనే ఉంది. 2022, 2023 నాటికి వేర్వేరు పద్ధతులతో, కొందరు తమ అంకెను తమకే కనపడకుండా దాచుకుని పని చేసిన తరువాత, పలు బృందాలు ఈ కిటికీకి 2360 ప్రాంతంలోనే విలువ ఇచ్చాయి. పాత ఎలక్ట్రాన్-పాజిట్రాన్ కొలతల నుంచి అదే కిటికీకి వచ్చేది 2294, అనిశ్చితి 14. అప్పటి నుంచి జాలకం ఫలితం ఒంటరి గొంతు కాదు.


అర్ధస్పిన్ మళ్ళీ అడిగినది:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కిటికీ సంగతి నాకు కొత్త. అయితే నా మొదటి సందేహం ఇంకా నిలిచే ఉంది. రో_శిఖరం గారు చెప్పిన దారిలో కొలతను కొలతతో పోల్చడం లేదా? పైగా జాలకం వారి అంకె సరైనదైతే, ఇరవై ఏళ్ళపాటు కొలిచిన రెండు పయాన్‌ల క్రాస్ సెక్షన్‌లన్నీ తప్పని ఒప్పుకోవాలి కదా. వేర్వేరు చోట్ల, వేర్వేరు యంత్రాలతో కొలిచినవారంతా ఒకే వైపు ఎలా తప్పుతారు?


రో_శిఖరం ఇచ్చిన జవాబు:

మొదటి ప్రశ్నకు: వలయాకార వాదం లేదు, ఎందుకంటే మ్యూయాన్ అయస్కాంత భ్రామకం ఆ కొలతల్లో ఎక్కడా వాడరు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొనడం అనే ఒక సంఘటన నుంచి, అయస్కాంత క్షేత్రంలో మ్యూయాన్ స్పిన్ తిరిగే వేగం అనే పూర్తిగా వేరే సంఘటనను, సాధారణ నియమాల సాయంతో ముందుగా చెప్పడం సిద్ధాంతమే. కాకపోతే ఒక చిన్న మెలిక ఉంది. కొలిచిన క్రాస్ సెక్షన్‌లో ఫోటాన్ శూన్య ధ్రువణం (ఫోటాన్ క్షణకాలం వేరే కణాలుగా మారడం) ప్రభావం అప్పటికే కలిసి ఉంటుంది. సమాకలనంలో పెట్టేముందు దాన్ని తీసివేయాలి, లేకపోతే అదే వస్తువును రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. తీసివేయడానికి శూన్య ధ్రువణం విలువ ముందే తెలియాలి. దాన్ని లెక్కను పదేపదే తిప్పి సరిచేస్తారు, త్వరగానే స్థిరపడుతుంది. దీనికి తోడు, చివరి పయాన్‌లు వెదజల్లే ఫోటాన్‌ను మాత్రం తీసివేయకూడదు, అది హాడ్రాన్ వాటాలో భాగమే. ఒకసారి అభ్యాసం కోసం ఈ సమాకలనాన్ని నేనే చేస్తూ, మొదటిది తీయడం మరిచి రెండోది తీసేశాను. జవాబు కుదరక మూడు రోజులు ప్రోగ్రాంలో తప్పు వెతికాను.

రెండో ప్రశ్నలో మీ ఊహ సరికాదు. కొలిచినవారు ఒకరితో ఒకరు ఏనాడూ పూర్తిగా ఏకీభవించలేదు. ఇటలీ ఫ్రస్కాటిలోని క్లో, అమెరికా స్టాన్‌ఫర్డ్‌లోని బాబర్ ప్రయోగాలు రెండూ శాతంలోపు కచ్చితత్వం చెప్పుకున్నా, రో శిఖరం చుట్టూ వాటి మధ్య కొన్ని శాతాల తేడా ఉంది. 2020 అంచనా ఆ తేడాను అనిశ్చితిని పెంచి సర్దుకుంది. 2023 ఫిబ్రవరిలో నోవోసిబిర్స్క్‌లోని సీఎండీ-3 బృందం తన ఫలితం వెల్లడించినప్పుడు అది అన్నిటికన్నా పైన నిలిచింది. అదే చోట అంతకు ముందు పనిచేసిన సీఎండీ-2 కన్నా కూడా పైన. సీఎండీ-3 అంకెను ఒక్కదాన్నే సమాకలనంలో పెడితే, జాలకం విలువకు దగ్గరగా వస్తుంది.

ఎవరు తప్పారు అన్నదానికి తేలిన జవాబు లేదు గాని, అనుమానం ఎటువైపు ఉందో చెప్పగలను. క్లో, బాబర్ యంత్రాలు ఒక్కొక్కటీ తన స్థిరమైన శక్తి దగ్గర నడిచాయి. ఢీకొనే ముందు ఎలక్ట్రాన్ ఒక ఫోటాన్‌ను వదిలి శక్తి తగ్గించుకునే సంఘటనలను ఏరి, వాటినుంచి కింది శక్తుల క్రాస్ సెక్షన్ రాబట్టారు. సీఎండీ-3 వారు యంత్రం శక్తినే మెట్టు మెట్టుగా మార్చి నేరుగా కొలిచారు. మొదటి పద్ధతిలో ఒక ఫోటాన్‌తోపాటు రెండోది, మూడోది కూడా వెలువడే అవకాశాన్ని కంప్యూటర్ ప్రోగ్రాం సరిగ్గా అంచనా వేయాలి. 2023లో బాబర్ బృందమే అదనపు ఫోటాన్‌ల సంఘటనలను విడిగా పరిశీలించి, విరివిగా వాడే ఒక ప్రోగ్రాం అంచనాకూ తమ కొలతకూ తేడా ఉందని చూపింది. కానీ ఇది సీఎండీ-3, సీఎండీ-2ల మధ్య తేడాను వివరించదు. ఆ రెండూ మెట్టు పద్ధతివే.


నాలుగో_దశాంశం ఇచ్చిన జవాబు:

శీర్షికలో ఉన్న ఒక మాట మీద నాకు అభ్యంతరం ఉంది. తేడా పోలేదు, చోటు మారింది. ఒకప్పుడు సిద్ధాంతానికీ కొలతకూ మధ్య ఉన్నది, ఇప్పుడు జాలకానికీ పాత ఎలక్ట్రాన్-పాజిట్రాన్ కొలతలకూ మధ్య, ఆ కొలతల్లో ఒకదానికీ మరొకదానికీ మధ్య ఉంది. 2025 అంచనాలో పరస్పరం పొసగని ఆ కొలతలకు సగటు తీయడం కుదరదని తేల్చి, జాలకం బృందాల సగటు 7132ను, అనిశ్చితి 61తో, తీసుకున్నారు. 6931 నుంచి 7132కు 201. కాంతి-కాంతి పరిక్షేపణం 92 నుంచి 115.5కు పెరగడం వల్ల మరో 23. మీరు అడిగిన 223 దాదాపుగా ఈ రెండింటి మొత్తం. అనిశ్చితి 43 నుంచి 62కి పెరగడాన్ని నేను వెనుకడుగుగా చూడను. 43 అన్నది కొలతలు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయన్న ఆశ మీద నిలిచిన అంకె.

కాంతి-కాంతి పరిక్షేపణం గురించి పైన ఇద్దరూ ఒక్క వాక్యంతో దాటేశారు. అంకె చిన్నదే అయినా దాని చరిత్ర చెప్పదగినది. ఇందులో ప్రధాన వాటా, సుమారు 63, తటస్థ పయాన్‌ది. 2001కి ముందు ఈ పయాన్ వాటా గుర్తు మైనస్ అని ఒకటికి రెండు బృందాలు లెక్కకట్టాయి. 2001 ఆరంభంలో బ్రూక్‌హేవెన్ ఫలితం వచ్చినప్పుడు 2.6 సిగ్మా తేడా ఉందన్న వార్త ఆ మైనస్ మీదే నిలిచింది. అదే సంవత్సరం చివర్లో నెక్ట్, నైఫెలర్ వేరే మార్గంలో చేసి గుర్తు ప్లస్ అని చూపారు. అప్పుడు హయకావా, కినోషిటా తమ లెక్కను తిరిగి తవ్వి, వాడిన బీజగణిత ప్రోగ్రాంలో ఎప్సిలాన్ టెన్సర్ అనే గణిత రాశికి ఉన్న ప్లస్-మైనస్ గుర్తు సంప్రదాయం తాము అనుకున్నది కాదని కనుగొని, ఆ సంగతి దాచకుండా అచ్చువేయించారు. ఒక గుర్తు మారేసరికి తేడా 1.6 సిగ్మాకు పడిపోయింది. పన్నెండు వేల చిత్రాలను కూడిన చేతులే అవి. అందువల్ల ఒకే పద్ధతితో వచ్చిన అంకె ఎంత పెద్దవారిదైనా, రెండో పద్ధతి వచ్చేదాకా నేను పెన్సిల్‌తోనే రాసుకుంటాను. జాలకం విషయంలోనూ అదే.

మరొక సంగతి. హాడ్రాన్ వాటాను పెంచితే వేరే చోట ఏదో విరగాలి కదా అని చాలామంది అడిగారు. సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం సున్నా శక్తి దగ్గర 137.036లో ఒక వంతు అయితే, జెడ్ ద్రవ్యరాశి దగ్గర 129లో ఒక వంతుకు చేరుతుంది. ఆ పెరుగుదలలో కొంత భాగం ఇదే క్రాస్ సెక్షన్ నుంచి వస్తుంది. డబ్ల్యూ ద్రవ్యరాశి, హిగ్స్ ద్రవ్యరాశి పొసగాలంటే ఆ విలువను ఇష్టం వచ్చినట్టు పెంచలేం. కానీ అక్కడి సమాకలనంలో భారం శక్తి నాలుగో ఘాతంతో కాక రెండో ఘాతంతోనే తగ్గుతుంది కనుక, కింది శక్తులకు అంత ప్రాముఖ్యం ఉండదు. పెంపుదల ఒక గిగా ఎలక్ట్రాన్ వోల్టుకు లోపల, రో చుట్టూ ఉన్నంతకాలం జెడ్ దగ్గర లెక్కకు పెద్దగా దెబ్బ తగలదు. అదే పెంపుదలను మూడు, నాలుగు గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పెట్టి ఉంటే పొసగేది కాదు.


అర్ధస్పిన్ రాసినది:

శీర్షికపై మీ అభ్యంతరం న్యాయమైనదే. ఒక్క మాట మిగిలింది. జాలకం ఒక పద్ధతి, ఎలక్ట్రాన్-పాజిట్రాన్ రెండోది; ఈ రెండూ పొసగనప్పుడు మూడోది ఏదైనా ఉందా?


జాలకంలో_చీమ ఇచ్చిన జవాబు:

మూడో దారులు రెండు ఉన్నాయి. ఒకటి పాతది. టావ్ లెప్టాన్ క్షయమై రెండు పయాన్‌లు, ఒక న్యూట్రినో వెలువడే సంఘటన నుంచి అదే సమాచారం రాబట్టవచ్చు. ఆలెఫ్, బెల్ బృందాల కొలతలు ఉన్నాయి. అక్కడ వెలువడేది విద్యుదావేశం ఉన్న పయాన్ ఒకటి, లేనిది ఒకటి; మనకు కావలసినవి ఆవేశం ఉన్నవి రెండూ. ఆ తేడాను సవరించే లెక్కలో మళ్ళీ ప్రబల బలమే అడ్డు వస్తుంది కనుక, 2020 అంచనాలో ఆ కొలతలను పక్కన పెట్టారు. ఇప్పుడు ఆ సవరణను జాలకం మీదే చేయాలని పూనుకున్నారు.

రెండోది సెర్న్‌లోని మ్యూఆన్‌ఈ ప్రయోగం. 160 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల మ్యూయాన్‌లను తేలికైన పరమాణువుల పలుచని పలకల మీద పంపి, వాటిలోని ఎలక్ట్రాన్‌లను తాకి పక్కకు తొలిగే కోణాలను కొలుస్తారు. ఇందులో హాడ్రాన్‌లు నిజంగా పుట్టవు, రో శిఖరం లేదు, అదనపు పయాన్‌లను లెక్కపెట్టే పని లేదు. ఫోటాన్ దారిలో శూన్య ధ్రువణం వల్ల స్థిరాంకం ఎంత మారిందో నునుపైన వక్రంగా కనిపిస్తుంది. జాలకం మీద మేము లెక్కకట్టే రాశితో నేరుగా పోల్చుకోవచ్చు కనుక నాకు ఇది ఇష్టమైన ప్రయోగం. కష్టం ఏమిటంటే, ఆ పరిక్షేపణంలో హాడ్రాన్‌ల ప్రభావం గరిష్ఠంగా వెయ్యిలో ఒక వంతు మాత్రమే. దాన్ని ఒక శాతానికి మించిన కచ్చితత్వంతో పట్టుకోవాలంటే, మొత్తం పరిక్షేపణాన్ని లక్షలో ఒక వంతు దాకా అర్థం చేసుకోవాలి. పలకలో మ్యూయాన్ ఎన్నిసార్లు చిన్నచిన్నగా దారి తప్పుతుంది, డిటెక్టర్ పొరల మధ్య దూరం ఎన్ని మైక్రాన్‌లు జరిగింది, మ్యూయాన్-ఎలక్ట్రాన్ పరిక్షేపణానికి మూడో మెట్టు సవరణ ఎంత అన్నవన్నీ ఆ లక్షలో ఒక వంతులోకి ఇమడాలి. ఆ చివరిది మాత్రం చాలావరకు విద్యుదయస్కాంత లెక్క. అందులో క్వార్క్‌ల పాత్ర చిన్నది, మీరు మొదట చెప్పిన చిత్రాలే గీసుకోవచ్చు.